కరెంటు సెన్సర్ డ్రైవర్‌లో సగటును మార్చుకునే వీలు: మూడు బిట్ల వెనుక ఉన్న పని

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఐఎన్ఏ226 కరెంటు సెన్సర్‌కు (కరెంటు ఎంత పారుతోందో కొలిచే చిప్పు) మీరు సొంతంగా రాసుకున్న లినక్స్ డ్రైవర్ ఉంది, అంటే ఆ చిప్పును నడిపే ప్రోగ్రాం. ఎన్ని శాంపుల్స్‌కు (విడి కొలతలకు) సగటు తీయాలన్నది అందులో 16 దగ్గర కట్టేసి ఉంది. బోర్డును బెంగళూరులోని పీణ్యాలో ఒక మోటార్ల టెస్ట్ బెంచీకి బిగించాక రీడింగులు ఊగుతున్నాయి. అందుకని ఆ 16ను వాడేవాళ్లే మార్చుకునేలా చేయమన్నారు. "రిజిస్టర్‌లో మూడు బిట్లే కదా, ఒక సిస్‌ఎఫ్‌ఎస్ ఫైలు పెట్టి రాసేస్తే అయిపోదా?" అని అడుగుతున్నారు. రిజిస్టర్ అంటే చిప్పులో సెట్టింగులు, విలువలు ఉండే చిన్న గది. సిస్‌ఎఫ్‌ఎస్ అంటే డ్రైవర్ సెట్టింగులను ఫైళ్లలా చూపించే లినక్స్ ఏర్పాటు.

రాసేయడం అయిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపే అయిపోతుంది. చాలా ఏళ్ల కిందట బొమ్మసంద్రలో బ్యాటరీ బండ్లు చేసే ఒకరి కోసం నేనూ అంతే చేశాను. తెర మీద అంకెలు కుదురుగా లేవని వాళ్లు విసుక్కుంటే సగటును 1024కు పెంచి ఇచ్చాను. అంకెలు నిలబడ్డాయి, అందరూ సంతోషించారు. నెల తిరగక ముందే ఒక బండి చక్రం ఇరుక్కుపోయి, కరెంటు ఎగదన్ని, మాస్‌ఫెట్ (మోటారు కరెంటును కలిపి తెంచే స్విచ్) కాలిపోయింది. పరిమితి దాటితే సంకేతమిచ్చే చిప్పు అలర్ట్ కాలు (పిన్) నుంచి ఆ మాస్‌ఫెట్‌ను ఆపే తీగ ఉంది. పరిమితి కూడా సరిగానే పెట్టాం. అలర్ట్ వచ్చింది, కానీ అంతా అయ్యాక వచ్చింది. అప్పటివరకు ఆ మూడు బిట్లు నాకు అంకెలను కుదుటపరిచే మీట లాగానే కనిపించాయి. నిజానికి వాటితో కదిలేది కాలం. ఈ జవాబంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

లెక్క చూడండి. చిరునామా సున్నాలో ఉండే కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో 11 నుంచి 9 వరకు ఉన్న బిట్లు సగటు సంఖ్యవి. 1, 4, 16, 64, 128, 256, 512, 1024 మాత్రమే దొరుకుతాయి. ఆ కిందే బస్ వోల్టేజికి (సరఫరా వోల్టేజి) మూడు బిట్లు, షంట్ వోల్టేజికి (కరెంటు పారే చిన్న నిరోధకం మీద పడేది) మూడు బిట్లు, ఒక్కో కొలతకు ఎంత సేపు తీసుకోవాలో చెప్పేవి. అవి 140 మైక్రోసెకండ్ల నుంచి 8.244 మిల్లీసెకండ్ల దాకా ఎనిమిది మెట్లు. చిప్పు పవర్ అందుకోగానే ఆ రిజిస్టర్‌లో హెక్సాలో 4127 ఉంటుంది, అంటే సగటు 1, రెండు కొలతలకూ చెరి 1.1 మిల్లీసెకండ్లు. లినక్స్ కెర్నల్‌లో (లినక్స్ మూల భాగం) ఉన్న డ్రైవర్ దాన్ని 4527 చేస్తుంది, అదే మీ 16. ఒక రీడింగ్ తయారు కావడానికి పట్టే కాలం, సగటు సంఖ్యను షంట్ కాలం, బస్ కాలం కలిపిన మొత్తంతో హెచ్చిస్తే వస్తుంది. 16 అయితే 35.2 మిల్లీసెకండ్లు. 1024 అయితే 2.25 సెకండ్లు. కొలతల కాలాలు కూడా గరిష్ఠానికి పెడితే దాదాపు 16.9 సెకండ్లు. ఆ చివరి సంఖ్యను నానోసెకండ్లలోకి మార్చి 32 బిట్ల వేరియబుల్‌లో వేస్తే పొంగిపోతుంది. మైక్రోసెకండ్లలో ఉంచితే హాయిగా సరిపోతుంది.

పైగా డేటాషీట్‌లో కాలాలకు రెండు వరుసలుంటాయి, మామూలు విలువ, గరిష్ఠ విలువ. 1.1కు గరిష్ఠం 1.21, 140కి 154. మెట్టు ఏదైనా పది శాతం ఎక్కువ. టైమౌట్ లెక్కకు (ఎంతసేపు చూసి వదిలేయాలన్నదానికి) మామూలు విలువ వాడితే మీ బల్ల మీద పనిచేసిన డ్రైవర్ వేరొకరి బోర్డు మీద రోజుకు రెండుసార్లు టైమౌట్ అంటుంది. ఆ రెండుసార్లూ ఎందుకో తేల్చడానికి వారం పోతుంది. ఇదే కుటుంబపు మరో చిప్పు ఐఎన్ఏ3221కు కెర్నల్‌లో ఉన్న డ్రైవర్ లెక్కగట్టిన కాలానికి రెండింతల వరకు ఎదురుచూస్తుంది. అదే అనుసరించండి.

అలర్ట్ సంగతి ముందే చెబుతాను, ఎందుకంటే అది డబ్బు కాల్చే భాగం. చిప్పు మీ పరిమితిని రిజిస్టర్‌లోని విలువతో పోలుస్తుంది. సగటు పూర్తయితే తప్ప ఆ రిజిస్టర్ మారదు. కాబట్టి సగటును పెంచినవాడు తెలియకుండానే రక్షణను కూడా ఆలస్యం చేస్తాడు. అర సెకండు పాటు వచ్చిన పెద్ద పోటు 2.25 సెకండ్ల సగటులో కలిసిపోయి పరిమితిని అసలు దాటకపోవచ్చు కూడా. ఇదే కుటుంబంలోని ఐఎన్ఏ3221లో దీనికి దారి ఉంది. అందులో క్రిటికల్ అలర్ట్ ప్రతి ఒక్క కొలతనూ చూస్తుంది, వార్నింగ్ అలర్ట్ సగటును చూస్తుంది. ఐఎన్ఏ228లో అయితే స్లో అలర్ట్ అనే బిట్ ఉంది, ఏ విలువతో పోల్చాలో మీరే ఎంచుకోవచ్చు. 226లో ఆ వెసులుబాటు లేదు. మీ టెస్ట్ బెంచీలో అలర్ట్ కాలు దేనికైనా కలిపి ఉందేమో సర్క్యూట్ చూసి రండి. కలిపి ఉంటే, అలర్ట్ పరిమితి పెట్టి ఉన్నంతసేపు సగటు ఒక హద్దు దాటకుండా డ్రైవర్‌లోనే అడ్డుకోవాలని నా అభిప్రాయం. ఇది వాడేవాళ్ల ఇష్టమని వాదించేవాళ్లున్నారు. వాళ్లు కాలిన మాస్‌ఫెట్ వాసన చూసి ఉండరు.

ఇక వాడుకరికి కనిపించే ముఖం. సొంత పేరు కనిపెట్టకండి. హెచ్‌డబ్ల్యూమాన్ (సెన్సర్ల కోసం కెర్నల్‌లో ఉన్న ఏర్పాటు) పద్ధతిలో దీనికి 'శాంపుల్స్' అనే ప్రామాణిక ఫైలు పేరు ఉంది. కరెంటుకు, వోల్టేజికి, పవర్‌కు విడివిడిగా సగటు పెట్టగలిగే చిప్పులకు ఆ రకాల పేర్లతో వేరువేరు ఫైళ్లు కూడా ఉన్నాయి. కెర్నల్‌లోనే రెండు సంప్రదాయాలు కనిపిస్తాయి. 226ను నడిపే డ్రైవర్‌లో 'అప్‌డేట్ ఇంటర్వల్' ఫైలులో మిల్లీసెకండ్లు రాస్తే అది దగ్గరి సగటు సంఖ్యను వెతుక్కుంటుంది, కొలత కాలాన్ని ముట్టుకోదు. 3221 డ్రైవర్‌లో సగటుకు శాంపుల్స్ ఫైలు, కొలత కాలానికి ఇంటర్వల్ ఫైలు. ఐఐఓ (కెర్నల్‌లో సెన్సర్లకున్న మరో ఏర్పాటు) వైపు వెళితే అదే పనికి ఓవర్‌శాంప్లింగ్ నిష్పత్తి, ఇంటిగ్రేషన్ టైమ్ అనే జంట ఉంది. నేనైతే 3221 దారే ఎంచుకుంటాను, కారణం కింద 50 హెర్ట్‌జ్ దగ్గర తెలుస్తుంది. దీన్ని డివైస్ ట్రీలో పెడదామనే ఆలోచన వస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. డివైస్ ట్రీ బోర్డు మీద ఏముందో చెప్పడానికి. వాడేవాళ్ల అవసరాన్ని బట్టి మారే సంగతికి అది చోటు కాదు. ఏడీఎం1275 లాంటి కొన్ని చిప్పులకు అక్కడ కూడా సగటు గుణాలు ఉన్న మాట నిజమే, కానీ బూట్ అయ్యేసరికి ఏ విలువ ఉండాలన్నంత వరకే దాన్ని వాడుకోవడం మేలు.

వాడుకరి 100 అని రాస్తే ఏం చేయాలి? తప్పు అని తిప్పి పంపవచ్చు, దగ్గరి విలువకు సర్దవచ్చు. నేను సర్దుతాను. కెర్నల్‌లో ఫైండ్ క్లోజెస్ట్ అనే మ్యాక్రో (తయారుగా ఉన్న కోడ్ ముక్క) ఉంది, 100కు 128, 90కి 64 ఇస్తుంది. కానీ ఆ తర్వాత ఫైలు చదివితే 128 అనే రావాలి. రాసిన 100ను దాచిపెట్టుకుని మళ్లీ 100 అని చూపించే డ్రైవర్లు చూశాను. అది అబద్ధం చెప్పే కొలబద్ద. ఇంకో చిన్న ఉచ్చు ఉంది. ఏడీఎం1275లో సగటులన్నీ 2 ఘాతాలే కాబట్టి లాగరిథమ్‌తో కోడ్ పట్టేయవచ్చు. 226లో మొదటి నాలుగూ నాలుగేసి రెట్లు పెరిగి, 64 దాటాక రెండేసి రెట్లు పెరుగుతాయి. 2, 8, 32 లేనే లేవు. సూత్రం కోసం తెలివి ఖర్చుపెట్టకుండా ఎనిమిది అంకెల పట్టిక రాసుకోండి.

రిజిస్టర్ రాసేటప్పుడు మొత్తం పదాన్ని కాకుండా మీ మూడు బిట్లనే రెగ్‌మ్యాప్ అప్‌డేట్ బిట్స్ అనే కెర్నల్ ఫంక్షన్‌తో మార్చండి. ఇంతవరకు మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోవచ్చని నేను అనుకునేది ఇది: ఆ రిజిస్టర్‌లో రాయగానే జరుగుతున్న కొలత ఆగిపోయి, కొత్త సెట్టింగుతో మొదటి నుంచి మొదలవుతుంది. కొత్త సగటు పూర్తయ్యేదాకా డేటా రిజిస్టర్‌లో పాత విలువే కూర్చుని ఉంటుంది. కాబట్టి 1024 రాసిన వెంటనే చదివితే పాత 16 సగటు వస్తుంది, చూసేవాడు కొత్తదనుకుంటాడు. అలాగని రాసే ఫంక్షన్‌లోనే లాక్ (ఒకసారికి ఒకరినే లోపలికి పంపే గడియ) పట్టుకుని 2.25 సెకండ్లు నిద్రపోతే, అదే సమయంలో వోల్టేజి చదవాలనుకున్నవాళ్లంతా గుమ్మం దగ్గర నిలబడాలి. నేను చేసేది ఏమిటంటే, సెట్టింగ్ మారిన సమయాన్ని గుర్తుపెట్టుకుని లాక్ వదిలేస్తాను. ఆ తర్వాత మొదట చదవడానికి వచ్చినవాడే మిగిలిన కాలం ఆగుతాడు.

లేదా చిప్పు ఇచ్చే కన్వర్షన్ రెడీ బిట్‌ను చూడవచ్చు. అది చిరునామా 06లోని మాస్క్ రిజిస్టర్‌లో మూడో బిట్. కొలతలు, సగటు, లెక్కలు అన్నీ పూర్తయ్యాకే అది లేస్తుంది. కానీ ఆ రిజిస్టర్‌ను చదివితే చాలు, అది పడిపోతుంది. అలర్ట్ వచ్చిందో లేదో చూడటానికి మీ ఇంటరప్ట్ కోడ్ (చిప్పు సంకేతం రాగానే నడిచేది) కూడా అదే రిజిస్టర్ చదువుతుంటే, ఎదురుచూస్తున్నవాడి జెండాను అది ఎత్తుకుపోతుంది. ఆ రిజిస్టర్‌ను ఒకే ఒక్క ఫంక్షన్ చదవాలి, చదివిన బిట్లన్నిటినీ అది దాచాలి. నాకు ఈ ఒక్క తప్పుకే రెండు రాత్రులు పట్టాయి.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి వద్దాం. సగటు పెంచితే ఊగడం తగ్గుతుందన్నది నాయిస్ (కొలతలో కలిసే అక్కర్లేని ఊగు) యాదృచ్ఛికమైనప్పటి మాట. అప్పుడు శాంపుల్స్‌ను నాలుగు రెట్లు చేస్తే నాయిస్ సగమవుతుంది. 64కు ఎనిమిదో వంతు, 1024కు 32వ వంతు. అంటే 64 నుంచి 1024కు పోతే కాలం 16 రెట్లు పోసి నాలుగు రెట్ల లాభం కొనుక్కుంటున్నారు. బేరం ఇక్కడి నుంచి గిట్టదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు, ఎందుకంటే కుండలో మంట అన్ని మెతుకులకూ ఒకటే. పక్కన మోటారు, మెయిన్స్ తీగలు ఉన్నచోట మీ శాంపుల్స్ అలా ఉండవు. అవి ఒక తాళానికి ఊగుతుంటాయి. ఆ తాళం తెలియకుండా ఎన్ని మెతుకులు పట్టి చూసినా లాభం లేదు.

రాజాజీనగర్‌లో మా పాత ల్యాబ్‌లో ఒకసారి రోజంతా కుస్తీ పట్టాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. పరీక్షించే బోర్డు బ్యాటరీ మీద, ల్యాప్‌టాప్ దాని బ్యాటరీ మీద నడుస్తున్నాయి. రీడింగులు ఒక్కసారిగా నిలబడిపోయాయి. కరెంటు రాగానే మళ్లీ నాట్యం మొదలు. అంతకన్నా చవకైన పరీక్ష మరొకటి లేదు. మీరు కూడా ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి.

మన మెయిన్స్ 50 హెర్ట్‌జ్, అంటే ఒక చుట్టుకు 20 మిల్లీసెకండ్లు. సగటు తీసే కిటికీ (ఒక సగటుకు పట్టే కాలం) సరిగ్గా 20కి గుణిజమైతే ఆ చుట్టులో పైకి పోయినది, కిందికి పోయినది చెల్లుకు చెల్లు అవుతాయి. రెక్టిఫయర్ తర్వాత కనిపించే 100 హెర్ట్‌జ్ అల కూడా అదే దెబ్బకు పోతుంది. మీ ఇప్పటి 35.2 మిల్లీసెకండ్లు దేనికీ గుణిజం కాదు, హమ్‌లో (మెయిన్స్ నుంచి చొరబడిన ఊగు) దాదాపు ఎనిమిదో వంతు మిగిలిపోతుంది. సగటు సంఖ్యను 16లోనే ఉంచి, షంట్ కాలాన్ని 1.1 మిల్లీసెకండ్లుగా, బస్ కాలాన్ని 140 మైక్రోసెకండ్లుగా పెట్టి చూడండి. మొత్తం 1.24, పదహారుతో హెచ్చిస్తే 19.84. ఇప్పుడు కాగితం మీద మిగిలేది వందో వంతు కన్నా తక్కువ. రీడింగ్ నిజానికి ముందుకన్నా త్వరగా వస్తుంది, కుదురుగానూ వస్తుంది. సగటు పెంచకుండానే. 64 పెడితే 79.36, అది కూడా 80కి ఆనుకునే ఉంటుంది. కొలత కాలాన్ని వేరే మీటగా ఇవ్వమని పైన అన్నది ఇందుకే.

ఇందులో ఒక మెలిక ఉంది. గ్రిడ్ పౌనఃపున్యం 49.90 నుంచి 50.05 హెర్ట్‌జ్ మధ్య ఉండాలన్నది మన గ్రిడ్ కోడ్ నియమం, ఆ తేడా లెక్కలోకి రాదు. చిప్పు సొంత గడియారం మాత్రం పది శాతం దాకా తప్పవచ్చని ముందే అనుకున్నాం. అంత తప్పినా హమ్‌లో పదో వంతే మిగులుతుంది కాబట్టి ఇప్పటి స్థితి కన్నా నష్టమేమీ లేదు. ఇంకా పట్టుదల ఉంటే మీ బోర్డులో కన్వర్షన్ రెడీల మధ్య ఎంత కాలం ఉందో కొలిచి, దాన్ని బట్టి మెట్లు ఎంచుకోండి.

మోటారును నడిపే పీడబ్ల్యూఎం (కరెంటును వేగంగా కలిపి తెంచే పద్ధతి) సంగతి వేరు. ఈ చిప్పు లోపల ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే భాగం) దాదాపు 500 కిలోహెర్ట్‌జ్ వేగంతో శాంపుల్ చేస్తుంది, అదీ 30 శాతం అటూఇటూగా. ఆ వేగానికి, దాని గుణిజాలకు దగ్గరగా వచ్చే స్విచింగ్ ముళ్లు ముడుచుకుని కిందికి దిగి, నింపాదిగా ఊగే అల రూపంలో కనిపిస్తాయి. ఒకసారి అలా దిగాక అది నిజమైన కరెంటా, దొంగ కరెంటా అని ఏ సగటూ చెప్పలేదు. దానికి మందు డ్రైవర్‌లో లేదు. ఇన్‌పుట్ కాళ్ల దగ్గర 10 ఓమ్‌లు మించని నిరోధకాలు, 0.1 నుంచి 1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టమని డేటాషీటే చెబుతుంది. మీ హార్డ్‌వేర్ వాళ్లు బోర్డు మీద చోటు లేదంటారు. అడగడం మీ ధర్మం.

సగటుతో పోని ఇంకొకటి ఆఫ్‌సెట్, అంటే ప్రతి కొలతలోనూ ఒకేలా ఉండే తేడా. ఐఎన్ఏ226లో అది గరిష్ఠంగా 10 మైక్రోవోల్టులు. 2 మిల్లీఓమ్‌ల షంట్ మీద అది 5 మిల్లీఆంపియర్లు. వెయ్యి శాంపుల్స్ తీసినా ఆ 5 అలాగే కూర్చుంటుంది, కాకపోతే చాలా నమ్మకంగా కూర్చుంటుంది. పనిలో పనిగా షంట్ మీద అచ్చు చూడండి. ఎస్పీ రోడ్డులో దొరికే చిన్న మాడ్యూళ్లలో చాలావాటి మీద ఆర్100 అని ఉంటుంది, అంటే 0.1 ఓమ్. దానితో 81.92 మిల్లీవోల్టుల పూర్తి కొలత 0.82 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. మోటారు బెంచీలో అది తగిలిస్తే శిఖరాలన్నీ తెగిపోతాయి, తెగిన శిఖరాల సగటు చూసి అంతా బాగుందనుకుంటారు.

పవర్ విలువను డ్రైవర్‌లో వోల్టేజి సగటును కరెంటు సగటుతో హెచ్చించి ఇస్తున్నారా? ఆపండి. సగం సేపు 12 వోల్టులు, సున్నా కరెంటు. మిగతా సగం లోడ్ పడి 11 వోల్టులు, 2 ఆంపియర్లు అనుకోండి. సగటులను హెచ్చిస్తే 11.5 వాట్లు. అసలు ఖర్చయినది 11. చిప్పు ఒక్కో శాంపుల్‌కు పవర్ లెక్కగట్టి, ఆ లబ్ధాలను కూడబెట్టి సగటు తీస్తుంది. దాని పవర్ రిజిస్టర్‌నే చదవండి. కిటికీ పొడవు పెంచేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. 16 దగ్గర ఎవరూ గమనించనిది 1024 దగ్గర బిల్లులో కనబడుతుంది.

చిప్పులో సగటు సౌకర్యం లేకపోతే ఏం చేయాలని కూడా అడిగారు. క్లుప్తంగా చెబుతాను. ఐ2సీ (చిప్పుతో మాట్లాడే రెండు తీగల దారి) మీద ఒక రిజిస్టర్ చదవడానికి 100 కిలోహెర్ట్‌జ్ దగ్గర దాదాపు అర మిల్లీసెకండు పోతుంది, వెయ్యి శాంపుల్స్ అంటే అర సెకండు పాటు ఆ తీగ మీద ఇంకెవరికీ చోటు ఉండదు. తప్పనిసరైతే తక్కువ శాంపుల్స్ తీసి కూడండి. భాగహారానికి కుడివైపు షిఫ్ట్ వాడకండి, రుణ విలువలు ఎప్పుడూ కిందికే జరుగుతాయి. రౌండ్ చేసే మ్యాక్రో వాడితే భాజకం సైన్డ్ రకమేనా అని చూసుకోండి. అది అన్‌సైన్డ్ అయితే వెనక్కి పారే కరెంటు ఏదో పెద్ద ధన సంఖ్యగా మారి మిమ్మల్ని పలకరిస్తుంది.

మోటారు మొదలైనప్పుడు సరఫరా కుంగి చిప్పు రీసెట్ అయితే సగటు చడీచప్పుడు లేకుండా 1కి పోతుంది. డ్రైవర్ మాత్రం ఇంకా 64 అనే చెబుతుంటుంది. కెర్నల్ డ్రైవర్ దీనికి మంచి ఉపాయం చేసింది. రీడింగ్ సున్నా వస్తే క్యాలిబ్రేషన్ రిజిస్టర్ (డ్రైవర్ మొదట్లో నింపేది) కూడా సున్నానేమో చూస్తుంది, సున్నా అయితే చిప్పు రీసెట్ అయిందని గ్రహించి మళ్లీ అన్నీ నింపుతుంది. మీరు వాడుకరి ఎంచుకున్న సగటును కూడా ఆ నింపే చోటే చేర్చండి. సస్పెండ్ నుంచి లేచినప్పుడు కూడా అదే పని.

పరీక్షకు మోటారు వద్దు. బ్యాటరీకి ఒక మంచి వైర్‌వౌండ్ నిరోధకం కలిపి, ఒక్కో సగటు దగ్గర రెండు వందల రీడింగులు తీసి ప్రామాణిక విచలనం చూడండి. శాంపుల్స్ నాలుగు రెట్లయిన ప్రతిసారీ అది సగం కావాలి. ఎక్కడ తగ్గడం ఆగిపోయిందో అదే మీ బోర్డుకు పనికొచ్చే చివరి మెట్టు. రీడింగుల మధ్య కనీసం ఒక పూర్తి కిటికీ అంత ఎడం ఉంచడం మరవకండి. లేకపోతే అదే విలువను పదేపదే చదివి నాయిస్ సున్నా అయిందని సంబరపడతారు. తర్వాత లోడ్ తీగను ఒక్కసారిగా పీకి, రీడింగ్ సున్నాకు దిగడానికి పట్టిన కాలం కొలవండి. మధ్యలో పీకారు కాబట్టి ఒక కిటికీ నుంచి రెండు కిటికీల లోపు రావాలి. 1024 దగ్గర ఆ నాలుగున్నర సెకండ్ల నిరీక్షణను మీ మేనేజర్‌ను పక్కన కూర్చోబెట్టి చూపించండి. డిఫాల్ట్ 16నే ఉంచుదామా అన్న చర్చ ఆ తర్వాత పెద్దగా సాగదు.